‘చదవండి’ అన్నాక మన పూచీ ఎంత?

డిసెంబరు వచ్చిందంటే పుస్తకాల జాబితాలు వచ్చేస్తాయి. ఈ ఏటి మంచి నవలలు, తప్పక చదవాల్సిన చరిత్ర, వర్తమానం అర్థం కావాలంటే ఈ అయిదు పుస్తకాలు. హైదరాబాద్‌లో పుస్తక ప్రదర్శన కూడా ఆ రోజుల్లోనే కాబట్టి ఈ జాబితాలకి ఇంకాస్త గిరాకీ. నేనూ వాటిని వదలకుండా చదువుతాను, అప్పుడప్పుడు రాస్తాను కూడా. ఆఫీసులో నలుగురైదుగురు, చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు “ఈమధ్య ఏం చదివావు? మాకేం చదవమంటావు?” అని అడుగుతుంటారు. నా వృత్తి సాఫ్ట్‌వేర్, పుస్తకాల గురించి రాయడం సాయంత్రం పని. కాబట్టి నాది పండితుడి మాటేం కాదు. అయినా అడిగిన మనిషి ఆ మాట నమ్మి డబ్బు పెడతాడు, దాంతోపాటు సమయం కూడా.

ఎంత సమయం? 350 పేజీల ఇంగ్లీషు పుస్తకం అనుకుందాం. తెలుగు మీడియంలో చదివి, ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి గంటకి పాతిక ముప్ఫై పేజీలు చదవగలడు. అంటే పదమూడు గంటలు. పిల్లలు పడుకున్నాక రోజుకి అరగంట దొరికితే దాదాపు నెల. నేను రెండు సెకన్లలో అనేసే ‘చదువు, బావుంటుంది’కి అవతలి మనిషి ఒక నెల రాత్రిళ్లు ఇస్తున్నాడు. ఈ లెక్క వేసుకున్న దగ్గర్నుంచి నన్నొక ప్రశ్న వదల్లేదు. ఇంకొకరితో ఒక పుస్తకం చదవమన్నప్పుడు నేను అసలు దేనికి మాట ఇస్తున్నట్టు?

మనకి ‘సిఫారసు’ అనే మాట ఎక్కువగా కాలేజీ సీట్ల దగ్గరా ఉద్యోగాల దగ్గరా వినపడుతుంది. ఎవరో పెద్దమనిషి తన పలుకుబడి వాడి ఒకరిని ముందుకి తోస్తాడు. ఆ కుర్రాడు రేపు పని సరిగ్గా చేయకపోతే సిఫారసు చేసినాయనకి పోయేదేం లేదు. ఇంకో మాట ఉంది, ‘పూచీ’. ఊళ్లో ఎవరైనా అప్పు తీసుకుంటే పక్కన నిలబడి “నాది పూచీ” అన్నవాడు, అప్పు తీరకపోతే తన జేబులోంచి కట్టాలి. మనం చేసే పుస్తక పరిచయాల్లో చాలావరకు మొదటి రకానివి. నా ప్రశ్న రెండోదాని గురించి. పుస్తకాల విషయంలో పూచీ పడటం అంటే ఏమిటి? నవలకి, చరిత్రకి, వర్తమాన వ్యవహారాల పుస్తకానికి ఆ పూచీ ఒకటేనా?

ఒకటి కాదని నా అభిప్రాయం. ‘చదవండి’ అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు మాటలు కలిసిపోయి ఉంటాయి. ఇది నాకు నచ్చింది. ఇది బాగా రాసిన పుస్తకం. ఇందులో ఉన్నది నిజం. ఇది నీకు అవసరం. మొదటిదానికి నేనొక్కడినే సాక్షిని, ఎవరూ కాదనలేరు. రెండోదానికి కొంత చదువు, కొంత పోలిక కావాలి. మూడోది నా చేతుల్లో చాలా తక్కువ ఉంటుంది. నాలుగోదానికి పుస్తకం తెలిస్తే చాలదు, ఎదుటి మనిషి తెలియాలి. జాబితాల్లో ఈ నాలుగూ ఒకే గొంతులో వినిపిస్తాయి. చిక్కంతా అక్కడే.

కథల సంగతి

బాను ముష్తాక్ ‘హార్ట్ ల్యాంప్’ తీసుకోండి. కన్నడంలో 1990 నుంచి 2023 దాకా రాసిన కథల్లోంచి 12 కథలు ఎంచి దీపా భాస్తి ఇంగ్లీషులోకి అనువదించారు. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. కన్నడ పుస్తకానికి ఆ బహుమతి రావడం, కథల సంపుటికి రావడం, రెండూ అదే మొదటిసారి. హాసన్‌లో ఉండే రచయిత్రి వృత్తిరీత్యా లాయరు, బండాయ సాహిత్యోద్యమంలోంచి వచ్చినావిడ. ఆ సంవత్సరం ఏ జాబితా చూసినా ఈ పుస్తకం ఉంది. నేనూ చాలామందికి చెప్పాను.

పుస్తకం పేరు పెట్టిన కథలో మెహరున్ అనే ఆమె ఉంటుంది. భర్త వేరే ఆవిడతో ఉంటున్నాడు. పసిపిల్లని ఎత్తుకుని పుట్టింటికి వస్తుంది. అన్నదమ్ములు ఆమె మాట వినరు, కుటుంబం పరువు గురించి మాట్లాడి తిరిగి ఆ ఇంట్లోనే దించి వస్తారు. ఆ రాత్రి ఆమె కిరసనాయిలు డబ్బా అందుకుంటుంది. తర్వాతేం జరిగిందో చెప్పను.

ఈ కథని నేను ఇద్దరికి ఇచ్చాననుకోండి. ఒకరు చదివి “మా మేనత్త కథే ఇది. పేర్లు మార్చారంతే” అంటారు. ఇంకొకరు చదివి “చూశారా, వాళ్లల్లో ఆడవాళ్ల బతుకు ఇంతే” అంటారు. రెండో మనిషి చేతిలో ఆ పుస్తకం అంతకుముందే ఉన్న ద్వేషానికి ఇంకో రుజువు అయి కూర్చుంటుంది. తన వాళ్లమీద కోపంతో, ప్రేమతో ఒక రచయిత్రి ముప్ఫై ఏళ్లు రాసినదాన్ని ఆమె వాళ్లమీదకే విసిరే రాయిగా వాడుకోవచ్చు. ఆ చేతికి పుస్తకం అందించినవాడిని నేను. నాకేమైనా సంబంధం ఉందా?

ఉంది, కానీ ఒక హద్దు వరకు. ఎదుటి మనిషి ఎలా చదువుతాడన్నది నా అదుపులో లేదు. ఉండాలని కోరుకోవడం కూడా మంచిది కాదు, అది పాఠకుణ్ణి పిల్లాణ్ణి చేయడం. నా అదుపులో ఉన్నది ఒక్కటే, పుస్తకంతో పాటు నేను ఇచ్చే వాక్యం. “ముస్లిం స్త్రీల జీవితం తెలుసుకోవాలంటే ఇది చదవండి” అన్నాననుకోండి, రెండో రకం చదువుకి తలుపు నేనే తీశాను. కథని సమాచారంగా, మనుషుల్ని నమూనాలుగా మార్చింది నేనే. అదే “పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని తిరిగి పంపేసే అన్నదమ్ముల గురించి ఇంత నిష్ఠూరంగా రాసినవాళ్లు ఈమధ్య లేరు” అంటే, చదివేవాడు తన ఇంట్లోంచి మొదలుపెడతాడు. రెండు వాక్యాలూ అబద్ధం కాదు. ఒకటి మాత్రం పుస్తకానికి అన్యాయం.

ఇక్కడ అనువాదకురాలి నిర్ణయం ఒకటి చెప్పాలి. దీపా భాస్తి కన్నడ, ఉర్దూ మాటల్ని వాలు అక్షరాల్లో పెట్టలేదు, అడుగున నోట్సు ఇవ్వలేదు. తెలియని మాట ఎదురైతే అక్కడ కాసేపు ఆగమంటారు, అంతే. పుస్తకాన్ని పరిచయం చేసేవాళ్లు కూడా అంత నిగ్రహం చూపిస్తే బావుంటుంది. అన్నీ ముందే వివరించేస్తే చదివేవాడికి మిగిలేది మన అభిప్రాయాన్ని సరిచూసుకోవడమే.

కథల విషయంలో నేను పెట్టుకున్న నియమం చిన్నది. ఎవరు చదవాలో చెప్పే ముందు ఎవరికి నచ్చకపోవచ్చో చెప్పడం. ఉదాహరణకి సమంతా హార్వే ‘ఆర్బిటల్’, 2024 బుకర్. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు మనుషులు, ఒక్క రోజు, భూమి చుట్టూ పదహారు ప్రదక్షిణలు. కథంటూ పెద్దగా నడవదు. “తర్వాతేమైంది?” అనే ఆత్రంతో చదివేవాళ్లకి ఇరవై పేజీల్లో విసుగొస్తుంది. ఈ మాట ముందే చెబితే పుస్తకానికి కొందరు పాఠకులు తగ్గుతారు. మిగిలినవాళ్లు మాత్రం సరైనవాళ్లు.

చరిత్ర సంగతి

నవల నచ్చకపోతే పోయేది సమయం. చరిత్ర పుస్తకం తప్పయితే దాన్ని నమ్మిన మనిషి పక్కింటివాణ్ణి చూసే చూపు మారుతుంది. అందుకే ఇక్కడ పూచీ బరువు ఎక్కువ, తీర్చగల శక్తి తక్కువ. ఒక చరిత్రకారుడు పదేళ్లు దస్తావేజుల్లో కూర్చుని రాసినదాన్ని నాలాంటి బీటెక్ వాడు ఏం సరిచూస్తాడు?

నయోమీ వుల్ఫ్ ‘ఔట్‌రేజెస్’ ఉదంతం గుర్తుచేసుకోండి. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో స్వలింగ ప్రేమకి పడిన శిక్షల గురించిన పుస్తకం. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన డాక్టరేట్ పరిశోధన దానికి మూలం. పాత కోర్టు రికార్డుల్లో ‘మరణం నమోదు’ అన్న అర్థం వచ్చే మాట కనపడినచోట ఉరి అమలైందని ఆవిడ తీసుకున్నారు. నిజానికి 1823 చట్టం తర్వాత ఆ మాటకి అర్థం దాదాపు తలకిందులు. మరణశిక్షని కాగితం మీద నమోదు చేసి, పైకి చదవకుండా, ఉరి తప్పించే పద్ధతి అది. 2019లో బీబీసీ రేడియో ఇంటర్వ్యూలో మాథ్యూ స్వీట్ ఈ సంగతి ఆవిడ ముందే బయటపెట్టాడు. అమెరికా ప్రచురణకర్త ఆ పుస్తకాన్ని మొదట వాయిదా వేసి, తర్వాత రద్దు చేశాడు. పరిశోధన చూసినవాళ్లు, సంపాదకులు, ఇందరి కళ్లు దాటి వచ్చిన తప్పు అది. సాధారణ పాఠకుడు పట్టుకోగలిగేది కాదు.

అయితే మన చేతుల్లో ఏమీ లేదా? మా వృత్తిలో కోడ్ రివ్యూ అని ఒకటుంది. ఇంకొకరు రాసిన కోడ్ నేను చూసి ‘సరే’ అంటాను. ఆ కోడ్‌లో తప్పులే లేవని నేను నిరూపించలేను, ఎవరూ నిరూపించలేరు. నేను చూసేది వేరు. రాసినవాడు పరీక్షలు పెట్టాడా, ఏం చేశాడో, ఎందుకు చేశాడో చెప్పాడా, తప్పు ఉంటే వెతికి పట్టుకోవడానికి దారి ఉంచాడా. చరిత్ర పుస్తకానికి కూడా నేను ఇవ్వగల హామీ అదే. ఆధారం ఎక్కడిదో చెప్పాడా? తన వాదానికి ఇబ్బంది కలిగించే ఆధారాన్ని కూడా బల్లమీద పెట్టాడా? అంకెలు ఇచ్చేటప్పుడు అవి ఎవరి అంకెలో చెప్పాడా? దీన్ని బట్టి ‘ఇది నిజం’ అనలేను. ‘ఇది సరిచూసుకోవడానికి వీలుగా రాసిన పుస్తకం’ అనగలను. చిన్న హామీయే, కానీ నేను నిలబడగల హామీ.

ఇప్పుడు మనకి దగ్గర విషయం, 1948 సెప్టెంబరు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అంతవరకు తగువు లేదు. ఆ రోజుని ఏమని పిలవాలన్న దగ్గర మొదలవుతుంది. విమోచన, విలీనం, విద్రోహం. 2022 నుంచి కేంద్రం విమోచన దినం అంటోంది, అదే ఏడాది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంది. ఒకే తారీకుకి ఇన్ని పేర్లున్న చోట పుస్తకం పేరు చెప్పడం కూడా పక్షం తీసుకోవడంలాగే వినపడుతుంది.

నాకు తెలిసిన రెండు కుటుంబాలున్నాయి. ఒకరింట్లో తాతని రజాకార్లు చంపారు. ఇంకొకరింట్లో ఆ సెప్టెంబరు తర్వాత మగవాళ్లలో కొందరు తిరిగి రాలేదు, మిగిలినవాళ్లు ఊరు వదిలేశారు. రెండిళ్ల మూడో తరం పిల్లలూ నాకు స్నేహితులే. ఇద్దరూ వేర్వేరుగా ఒకే మాట అడిగారు, “దీనిమీద మంచి పుస్తకం ఒకటి చెప్పు” అని.

ఒకటి అనడంలోనే ఉంది కష్టం. రజాకార్ల దౌర్జన్యం మీద, దొరల మీద జరిగిన పోరాటం మీద మనకి పెద్ద సాహిత్యమే ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ దాంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న పుస్తకం. రెండోవైపు చాలాకాలం మౌనమే. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం 1948 చివర్లో జిల్లాలు తిరిగి, పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికని ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఈమధ్యే ఆ మౌనం మీద గట్టి పుస్తకాలు వచ్చాయి. ఏ.జి. నూరానీ ‘ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్’లో ఆ నివేదిక ఉంది. సునీల్ పురుషోత్తం ‘ఫ్రమ్ రాజ్ టు రిపబ్లిక్’ 2021లో, మనకి కవిగా తెలిసిన అఫ్సర్ రాసిన ‘రీమేకింగ్ హిస్టరీ’ 2023లో వచ్చాయి. పురుషోత్తంది రాజ్యం, హింస, ప్రజాస్వామ్యం ఎలా ముడిపడ్డాయో చూసే పుస్తకం. అఫ్సర్‌ది ఆ కాలం చూసిన హైదరాబాద్ ముస్లింల జ్ఞాపకాల్లోంచి, వాళ్ల సాహిత్యంలోంచి నడిచే పుస్తకం.

ఆ ఇద్దరు స్నేహితులకీ వేర్వేరు పుస్తకాలు చెప్పి ఉంటే ఇద్దరూ సంతోషపడేవాళ్లు. ఎవరి గాయానికి వాళ్ల మందు. కానీ అది వాళ్లని వాళ్ల ఇళ్లలోనే ఉంచి బయట గడియ పెట్టడం. పోనీ “రెండు వైపులా చదవండి” అని చేతులు దులుపుకుంటే? అందులో ఒక పిరికితనం ఉంది. చనిపోయినవాళ్లని తక్కెడలో పెట్టి చెరో వైపు సమం చేసి చూపించడం చరిత్ర కాదు. ఒక ఊళ్లో రజాకార్లు చేసిన హత్య ఇంకో జిల్లాలో జరిగిన హత్యకి జవాబు కాదు, రెంటికీ వేర్వేరుగా లెక్క చెప్పాలి.

చివరికి ఇద్దరికీ అవే పుస్తకాలు చెప్పాను, వరస మార్చి. తాతని పోగొట్టుకున్న ఇంటివాడికి ముందు ‘మనకు తెలియని మన చరిత్ర’, వెంటనే ‘రీమేకింగ్ హిస్టరీ’. రెండో ఇంటివాడికి ముందు అఫ్సర్ పుస్తకం, తర్వాత ఆడవాళ్ల మాటలు. తన ఇంటి దుఃఖం నిజమేనని ఒప్పుకునే పుస్తకం ముందు చేతిలో పడితే, పక్కింటి దుఃఖం వినే ఓపిక వస్తుందని నా ఆశ. కానీ రెండు పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పాలి. మొదటిది చదివాక రెండోది చెబుదామనుకుంటే ఆ రెండో రోజు రాదు. ఇద్దరిలో ఒకరు రెండూ చదివారు. ఇంకొకరు మొదటిదే సగంలో ఉన్నారు. ఆ సగం మాట తలచుకుంటే నాకు కాస్త బెంగగానే ఉంటుంది.

వర్తమానం సంగతి

వర్తమాన వ్యవహారాల పుస్తకాలకి పెరుగులాగా ఒక గడువు ఉంటుంది. అచ్చయ్యేసరికే సగం పాతబడతాయి. అయినా ఎక్కువమంది అడిగేది ఇవే, ఎందుకంటే వీటిని చదివి ఏదో ఒక నిర్ణయం తీసుకోవాలి. మా ఆఫీసులో రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడొకడు అడిగాడు, “అన్నా, ఏఐ మీద ఒక్క పుస్తకం చెప్పు. చదివి డిసైడైపోతా” అని. డిసైడ్ అవ్వాల్సింది ఏమిటంటే, అప్పు చేసి ఒక కోర్సులో చేరాలా వద్దా. ఊళ్లో నాన్న పొలం కాగితాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడట.

ఏఐ మీద ఇప్పుడు రెండు రకాల పుస్తకాలకి గిరాకీ. లోకం మారిపోతుంది, ఎగిరి బండెక్కండి అనేవి. లోకం ముగిసిపోతుంది, భయపడండి అనేవి. రెండూ చదవడానికి ఉత్సాహంగానే ఉంటాయి. నేను చెప్పింది అరవింద్ నారాయణన్, సయాష్ కపూర్ రాసిన ‘ఏఐ స్నేక్ ఆయిల్’, 2024లో వచ్చింది. మనిషి భవిష్యత్తుని ముందే చెబుతామనే యంత్రాలు వేరు, బొమ్మలూ మాటలూ పుట్టించే యంత్రాలు వేరు, మొదటి రకం పేరు మీద అమ్ముడయ్యేదాంట్లో చాలా భాగం పనిచేయనిదే అని ఓపిగ్గా విడదీసి చెబుతారు. 2021లో జర్మనీలో బవేరియా ప్రసార సంస్థ విలేకరులు ఇలాంటిదే ఒకటి పరీక్షించారు. వీడియో చూసి ఉద్యోగానికి వచ్చినవాడి స్వభావం చెప్పే సాఫ్ట్‌వేర్ అది. అదే మనిషి, అవే మాటలు, వెనకాల గోడకి పుస్తకాల అర ఒకటి కనపడేలా పెడితే ఫలితం మారిపోయింది. చదవకపోయినా పుస్తకాలు పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే అనుకుంటా.

కానీ పుస్తకం చెప్పడంతో పాటు ఆ అబ్బాయికి ఇంకో రెండు మాటలు చెప్పాల్సి వచ్చింది. ఒకటి, ఈ పుస్తకం ఏది పనిచేస్తుందో చెబుతుందిగాని నీ ఉద్యోగం ఉంటుందో పోతుందో చెప్పదు. పొలం కాగితాల నిర్ణయం పుస్తకం చదివి తీసుకునేది కాదు, ఆ కోర్సు చేసి బయటికొచ్చిన నలుగుర్ని వెతికి మాట్లాడి తీసుకునేది. రెండు, నా జీతం కూడా ఈ వ్యాపారంలోంచే వస్తుంది, అది గుర్తుపెట్టుకుని నా మాట విను. ఇలాంటి పుస్తకం సిఫారసు చేసేవాడికి అందులో లాభమో నష్టమో ఉంటే అది ముందు చెప్పేయాలి. డాక్టరు మందు రాస్తూ ‘ఈ కంపెనీ మా బావగారిదే’ అని చెప్పడం లాంటిది. మందు మంచిదే కావచ్చు, కానీ చెప్పాలి.

గడువు గురించి ఇంకో ఉదాహరణ. డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ 2011లో వచ్చింది. మా రంగంలో మేనేజర్ అయిన ప్రతివాడికీ ఎవరో ఒకరు కొనిచ్చే పుస్తకం. అందులో ఒక అధ్యాయం, ముందు కనపడిన చిన్న చిన్న సూచనలు మన ప్రవర్తనని మనకి తెలియకుండా ఎలా మారుస్తాయో చెబుతుంది. తర్వాత ఏళ్లలో ఆ ప్రయోగాలు కొన్ని మళ్లీ చేసి చూస్తే అవే ఫలితాలు రాలేదు. 2017లో కానెమన్ తనే బహిరంగంగా ఒప్పుకున్నాడు, మరీ కొద్దిమంది మీద చేసిన ప్రయోగాల్ని అతిగా నమ్మానని. నోబెల్ వచ్చిన మనిషి ఆ మాట అన్నాక, ఆ పుస్తకం ఇప్పుడు చేతికిచ్చేవాళ్లు ‘ఆ అధ్యాయం జాగ్రత్తగా చదువు’ అని కలిపి చెప్పడం పెద్ద కష్టం కాదు. పూచీ పుస్తకం ఇచ్చిన రోజుతో తీరదు. కొత్త సంగతి తెలిస్తే అది కూడా అందించాలి.

స్నేహితుల పుస్తకాలు

ఇంతవరకూ చెప్పినవి దూరపు రచయితల పుస్తకాలు. వాటి గురించి నిజాయితీగా ఉండటం తేలిక. అసలు పరీక్ష తెలుగు పుస్తకాల దగ్గర వస్తుంది. అయిదొందలో వెయ్యో కాపీలు వేసి, అవి అమ్ముడుపోతే పండగ చేసుకునే లోకం మనది. రచయిత మనకి తెలిసినవాడే అయి ఉంటాడు. ముందుమాట రాసినాయన, ఆవిష్కరణ సభలో మాట్లాడినాయన, పత్రికలో సమీక్ష రాసినాయన ఒకళ్లకొకళ్లు స్నేహితులు. రేపు నేను పుస్తకం వేస్తే వాళ్లే రావాలి. పుస్తకం ఒక మోస్తరుగా ఉందనుకోండి. “అద్భుతం, తప్పక చదవండి” అంటే ఎవరికి నష్టం? పాపం, మూడేళ్లు కష్టపడి, సొంత డబ్బు పెట్టి వేసుకున్నాడు.

నష్టం ఉంది. అది ఎవరిమీద పడుతుందో కంటికి కనపడదు, అంతే. ఏడాదికి ఒక్క తెలుగు పుస్తకం కొందామనుకునే మనిషి ఎక్కడో ఉంటాడు. మన మాట విని ఆ ఒక్కటీ కొంటాడు. ముప్ఫై పేజీలు చదివి పక్కన పడేస్తాడు. ఆ రచయితని తిట్టుకోడు, పేరు కూడా గుర్తుండదు. “తెలుగులో ఇప్పుడేం రాస్తున్నారులే” అనుకుంటాడు. మన దయకి వెల కట్టేది వచ్చే ఏడాది నిజంగా మంచి పుస్తకం రాయబోయే ఇంకో మనిషి. ఆ మనిషి మనకి పరిచయం లేదు కాబట్టి మనకి మొహమాటం వేయదు.

అలాగని స్నేహితుడి పుస్తకాన్ని చీల్చి చెండాడమని కాదు. ‘ఇతను నా స్నేహితుడు. ఇందులో మూడు కథలు నాకు నచ్చాయి, అవి ఇవి’ అని రాయొచ్చు. అది స్నేహానికీ చాలు, పాఠకుడికీ చాలు.

యంత్రం చెప్పే జాబితా

ఇంత తలనొప్పి ఎందుకు, యంత్రమే చెబుతుందిగా అనొచ్చు. అమెజాన్ ఇంజనీర్లు 2003లో ప్రచురించిన పేపరు ఒకటి మా రంగంలో ప్రసిద్ధం. ఈ వస్తువు కొన్నవాళ్లు ఇంకేం కొన్నారో చూసి, వస్తువుకీ వస్తువుకీ దగ్గరితనం లెక్కగట్టే పద్ధతి. తెలివైన పద్ధతే, నాకు దానిమీద గౌరవం ఉంది. కానీ కొనడమే దానికి తెలిసింది. కొన్నవాడు చదివాడా, చదివి మారాడా, అటకమీద పెట్టాడా దానికి అక్కర్లేదు. పైగా అది ఎప్పుడూ మీరు నిన్న ఉన్న మనిషికే పుస్తకం చెబుతుంది. రజాకార్ల పుస్తకం కొన్నవాడికి ఇంకో రజాకార్ల పుస్తకమే చూపిస్తుంది. ‘వెంటనే ఇది కూడా చదువు’ అనడానికి దానికి కారణం లేదు. నచ్చకపోతే వెళ్లి “ఎందుకు చదవమన్నావు?” అని అడగడానికి మొహమూ లేదు. మనిషి చేసే సిఫారసులో విలువంతా ఆ అడగగలగడంలోనే ఉంది.

మరీ ఇంత ఆలోచిస్తే ఎవరైనా ఎవరికైనా పుస్తకం చెప్పగలరా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనలో చాలామందిమి పాఠకులమైంది ఎవరో ఒకరు వెనకా ముందూ చూడకుండా “ఇది చదువురా” అని చేతిలో పెట్టబట్టే. ఆ ఉత్సాహం చచ్చిపోతే మిగిలేది నిబంధనల కాగితం. గ్రంథాలయ శాస్త్రంలో ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు చెప్పాడు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి అనే అర్థంలో రెండు సూత్రాలు, పాఠకుడి సమయం కాపాడాలని ఇంకోటి. ఉత్సాహం లేకపోతే మొదటి రెండూ నెరవేరవు, జాగ్రత్త లేకపోతే మూడోది నెరవేరదు. రంగనాథన్ వీటిని పక్కపక్కనే పెట్టాడు. ఒకటి ఉంటే ఇంకోటి ఉండకూడదని ఆయన అనుకోలేదు.

పైగా పాఠకుడు కూడా పెద్దవాడే. నచ్చకపోతే మూసేసే హక్కు అతనిది. ఆ హక్కు మాట నోటితో చెబితే మంచిది, ‘యాభై పేజీలు చూడు, పట్టకపోతే వదిలేయ్, నేనేం అనుకోను’ అని. నా మీద గౌరవం కొద్దీ ఎవరైనా ఒక పుస్తకాన్ని బలవంతంగా పూర్తిచేస్తే అది నాకు అప్పు.

ఇంత చెప్పి జాబితా ఇవ్వకపోతే బావుండదు. పైన వచ్చినవి కాక ఒక్కటే చెబుతాను. పి. సాయినాథ్ ‘ది లాస్ట్ హీరోస్’, 2022. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసి ఏ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కని మామూలు మనుషుల్ని వాళ్ల ముసలితనంలో వెతికి కలిసి రాసినది. అందులో మల్లు స్వరాజ్యం ఉన్నారు. ‘మనకు తెలియని మన చరిత్ర’లోనూ ఆవిడ మాట ఉంది. ఒకే మనిషి, రెండు పుస్తకాల మధ్య ముప్ఫై ఆరేళ్లు. రెండూ పక్కన పెట్టుకుని చదివితే, ఒక జీవితం గురించి ఏ వయసులో ఏం చెప్పుకుంటామో కూడా తెలుస్తుంది. ఎవరికి నచ్చకపోవచ్చంటే, తారీకులతో సహా వరసగా సాగే చరిత్ర కావాలనుకునేవాళ్లకి. ఆధారాల మాటకొస్తే, ఎక్కువ భాగం వృద్ధుల జ్ఞాపకం. రచయిత వాళ్లని ప్రేమిస్తున్నాడని ప్రతి పేజీలో తెలుస్తుంది, అది గుర్తుపెట్టుకుని చదవండి. ఆయనతో నాకు పరిచయం లేదు. నచ్చకపోతే నన్ను అడగండి.